రంపం కింద పోయిన నంబరు

ప్రత్యేక లోహాల పనిలోకి కొత్తగా దిగే వర్క్‌షాపు వాళ్లు సలహా అడిగితే నేను ముందు రంపం దగ్గరికే తీసుకెళ్తాను. లేత్ ఏ కంపెనీది, ఇన్సర్టులు ఏ గ్రేడువి, స్పీడెంత అన్నవన్నీ తరవాత. రాడ్డును ఏ చివర నుంచి కోస్తున్నారు అని అడుగుతాను. చాలామంది తెల్లమొహం వేస్తారు. నేనూ ఒకప్పుడు అలా వేసినవాణ్ణే. ఆ ప్రశ్న నాకు నేను వేసుకోకపోవడం వల్ల ఏం జరిగిందో, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఆపైన ఏం చేశానో దాచకుండా రాస్తున్నాను. మొదటిది పొరపాటు. రెండోది తప్పే.

మా షెడ్డు బాలానగర్‌లో. సీఎన్‌సీ లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషీను, వెనక గోడ వారన బ్యాండ్ సా. ఇలాంటి షెడ్లు బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి నిండా ఉన్నాయి. ఊరికి ఆ చివర కంచన్‌బాగ్ ఉండబట్టే మాలో చాలామందికి ఈ తరహా పని దొరికింది. డీఎంఆర్‌ఎల్, డీఆర్‌డీఎల్, భారత్ డైనమిక్స్, మిధాని అన్నీ ఆ చుట్టుపక్కలే. మిధాని అంటే మిశ్ర ధాతు నిగమ్. రక్షణ శాఖ కింద 1973లో పెట్టారు. ఉత్పత్తి మొదలయ్యింది 1983లో. మధ్యలో పదేళ్లేమిటి అని ఒకప్పుడు నేనూ తేలిగ్గా మాట్లాడాను. ఇప్పుడు మాట్లాడను. కొలిమి కొనుక్కురావచ్చు. కరిగిన లోహంలో ఏం జరుగుతోందో మీటర్ల మీద చూసి పోల్చుకోగల మనుషుల్ని మాత్రం ఎక్కడా కొనలేం, తయారు చేసుకోవాల్సిందే.

డబ్బు పెడితే బయట దొరకదా అంటే, ఈ సరుకు విషయంలో ఆ మాట చెల్లదు. క్షిపణుల పరిజ్ఞానం వ్యాపించకుండా 1987లో కొన్ని దేశాలు కలిసి చేసుకున్న కట్టుబాటులో మారేజింగ్ స్టీలు కూడా ఉంది. 1998 పోఖ్రాన్ పరీక్షల తరవాత ఆంక్షలు ఇంకా బిగిశాయి. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ మోటారు కేసు 2.8 మీటర్ల వ్యాసం, ఎల్‌వీఎం3కి పక్కన కట్టే బూస్టర్లది 3.2 మీటర్లు. రెండూ మారేజింగ్ స్టీలే. మిధాని దాన్ని ఎండీఎన్ 250 అంటుంది. 18 శాతం నికెల్, కోబాల్టు, మాలిబ్డినం ఉంటాయి, కార్బన్ దాదాపు ఉండదు. మొదట మెత్తగా, చెప్పినమాట వినేలా ఉంటుంది. కావలసిన రూపానికి తెచ్చుకుని 480 డిగ్రీల చుట్టుపక్కల కొన్ని గంటలు ఉంచితే మామూలు ఉక్కు అందుకోలేని బలం వస్తుంది. నేను ఈ ఉక్కు మీద కొద్దిగా పనిచేశాను. నా కథ మాత్రం టైటానియంతో ముడిపడింది.

ఆ రాడ్లు ఎవరు తయారు చేశారో, జాబ్ ఎవరిదో చెప్పను. వాళ్ల వైపు నుంచి ఏ లోపమూ లేదు. మాలాంటి షెడ్లకు ఖరీదైన లోహాన్ని పని ఇచ్చేవాళ్లే ఇస్తారు. ఫ్రీ ఇష్యూ మెటీరియల్ అంటాం. మేం కోసి, తురిమి, డ్రాయింగ్ ప్రకారం భాగాలు చేసి, మిగిలిన ముక్కలతో సహా లెక్క అప్పజెప్పాలి. కూలి మాది, లోహం వాళ్లది. దానికి పూచీగా కాగితాల మీద సంతకాలు పెడతాం. ఆ కాగితాల్లో ఒక పేజీని నేను చదవకుండానే సంతకం పెట్టాను. కోసే ముందు ప్రతి ముక్కకూ గుర్తు ఎలా బదిలీ చెయ్యాలో ఆ పేజీలోనే ఉంది.

ప్రతి రాడ్డు చివరా హీట్ నంబరు కొట్టి ఉంటుంది. ఒక కొలిమిలో ఒకసారి కరిగిన లోహానికంతటికీ ఒకటే నంబరు. దాంతో పాటు టెస్ట్ సర్టిఫికెట్ వస్తుంది. ఆ హీట్‌లో ఏ మూలకం ఎంత, లాగితే ఎంత బరువుకు తెగింది, అల్ట్రాసోనిక్ పరీక్షలో ఏం తేలింది అన్నీ అందులో ఉంటాయి. కాగితం మీది నంబరూ లోహం మీది నంబరూ కలిస్తేనే ఆ కాగితానికి విలువ.

ఆ జాబ్‌కు రెండు రకాల రాడ్లు వచ్చాయి. వ్యాసం ఒకటే, రంగు ఒకటే. రెండింట్లోనూ 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం, మిగతా అంతా టైటానియం. ఒకటి మామూలు గ్రేడు, రెండోది ఈఎల్ఐ గ్రేడు. ప్రధానమైన తేడా ఆక్సిజన్‌లో ఉంది. మామూలు దాంట్లో 0.20 శాతం దాకా ఉండనిస్తారు, ఈఎల్ఐలో 0.13 దాటకూడదు. ఒక్కో గ్రేడు నుంచి ఒక్కో రకం భాగం చెయ్యాలి. డెలివరీ తేదీ మీద పడింది. రాత్రి షిఫ్టు కుర్రాడు ఫోను చేశాడు.

“అన్నా, రెండు రాడ్లూ ఒక్క తీరే ఉన్నయ్. సా మీద కలిపి పెట్టి కోసెయ్యనా?”

“డయా ఒకటే కదా, కోసెయ్” అన్నాను. ఫోను పెట్టేసి పడుకున్నాను.

చివరి ముఖం ఎప్పుడూ కొంచెం గరుగ్గా ఉంటుంది. అందుకని మొదట ఒక పలుచని బిళ్ల కోసి పారెయ్యడం మా షెడ్డులో అలవాటు. మామూలు ఉక్కుకు అలాగే చేసేవాళ్లం, ఎవరూ ఏమీ అనలేదు. అతనూ అలాగే చేశాడు. నంబర్లున్న బిళ్లలు రెండూ తుక్కు ట్రేలో పడ్డాయి. మిగతా ముక్కలన్నీ ఒకే ట్రేలోకి వెళ్లాయి. పొద్దున నేను వెళ్లి చూస్తే కూలెంట్ కారుతూ బూడిదరంగు ముక్కలు కుప్పగా ఉన్నాయి. నంబర్లు పోలేదు, బిళ్లల మీద చక్కగా కనబడుతున్నాయి. ఏ ముక్క ఏ బిళ్ల తాలూకుదో చెప్పేది మాత్రం ఏమీ లేదు.

ముందు అతని మీద అరిచాను. కోసెయ్యమన్నది నేనే అని అతను అనలేదు.

తరవాత నాకు తెలిసిన తంటాలన్నీ పడ్డాను. గ్రైండింగ్ రాయి మీద పెట్టి చూశాను. టైటానియం ఏదైనా కళ్లు మిరుమిట్లు గొలిపే తెల్లటి రవ్వలే రాలుస్తుంది. రెండూ అలాగే రాల్చాయి. తెలిసిన వాళ్ల దగ్గర ఎక్స్-రే గన్ ఉంటే తెప్పించాను. ముక్క మీద ఆనించి ట్రిగ్గరు నొక్కితే అందులో ఏ మూలకం ఎంతో తెర మీద చెబుతుంది. అన్ని ముక్కలకూ అదే అల్యూమినియం, అదే వెనేడియం చూపించింది. ఆ గన్‌కు ఆక్సిజన్ కనబడదని అప్పుడు నాకు తెలియదు. చేతిలో పట్టుకునే ఆ పరికరాలు అంత తేలికైన మూలకాలను పసిగట్టలేవు. నాకు కావలసిన ఒకే ఒక్క సంగతి దానికి తెలియనిది.

చివరికి రంపం గీతలు చూశాను. కొన్ని ముక్కల మీద గీతలు కాస్త వంకరగా, కొన్నిటి మీద తిన్నగా ఉన్నాయనిపించింది. వంకర గీతలవి ఒక రాడ్డువి, తిన్ననివి ఇంకో రాడ్డువి అని నాకు నేనే చెప్పుకున్నాను. మధ్యాహ్నానికల్లా దాన్ని నమ్మేశాను కూడా. అవసరం మెడ మీద కూర్చున్నప్పుడు మనిషి ఎంత తొందరగా ఆధారాలు పుట్టించుకుంటాడో ఆ రోజు నన్ను చూస్తే తెలిసేది. అంకెల పంచ్‌ల డబ్బా తీశాను. వైస్‌లో ఒక్కొక్క ముక్కే బిగించి హీట్ నంబరు కొట్టాను. కుర్రాడితో కొట్టించలేదు, సుత్తి నా చేతిలోనే ఉంది. ఏడు అంకెను ఒకచోట కాస్త పక్కకు కొట్టాను. అది సరిచెయ్యడానికి ఎంత శ్రద్ధ పెట్టానో గుర్తుంది. అంకె వరసగా ఉండాలని పట్టించుకున్నాను, అది ఆ ముక్కదేనా అన్నది పట్టించుకోలేదు.

మెషీనింగ్ బాగా వచ్చింది. టైటానియం వేడిని తొందరగా వదలదు, కోసే చోటే అట్టిపెట్టుకుంటుంది, టూలు తినేస్తుంది. అయినా ప్రతి కొలతా టాలరెన్స్ లోపలే ఉంది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినాయన మైక్రోమీటర్లు, గేజీలు అన్నీ పెట్టి చూసి తృప్తిగా తలాడించాడు. ఆపైన గుర్తు బదిలీ రికార్డు అడిగాడు. అలాంటిదొకటి ఉండాలని ఆ క్షణంలోనే నాకు తెలిసింది.

“ఈ నంబర్లు ఎవరు వేశారండీ?”

“మేమే.”

“కోయకముందా, కోశాకా?”

ముందే అని చెప్పడానికి నోరు తెరిచాను. పక్కనే గేజీలు తుడుస్తూ ఆ కుర్రాడున్నాడు. తలెత్తి నావైపు చూశాడు. అతని ముందు ఆ అబద్ధం ఆడలేకపోయాను. “కోశాక” అన్నాను. అతను అక్కడ లేకపోతే ఏమనేవాణ్ణో నాకు తెలుసు. అందుకే ఆ నిజం చెప్పిన ఘనత నాదని ఎన్నడూ అనుకోలేదు.

లాటు మొత్తం రిజెక్ట్ అయింది. సరైన గ్రేడుతో చేసినవి కూడా అందులో ఉండే ఉంటాయి, అవీ పోయాయి. లోహం ఖరీదు నా బిల్లుల్లోంచి కోశారు. ఆ పార్టీ నుంచి చాలాకాలం కొత్త ఆర్డరు రాలేదు. అంతకంటే సిగ్గుచేటు, ఆయనతో నేను వాదించడం. ఆక్సిజన్ టెస్టు చేయించండి, దేనికదే తేలిపోతుంది కదా అన్నాను. ఆయన ఓపికగా చెప్పాడు. ఆక్సిజన్ కొలవాలంటే చిన్న ముక్క కోసి గ్రాఫైట్ మూసలో జడవాయువు మధ్య కరిగించాలి. లోహంలోని ఆక్సిజన్ కార్బన్‌తో కలిసి వాయువుగా బయటికొస్తే దాన్ని కొలుస్తారు. అంటే పూర్తయిన ప్రతి భాగం నుంచీ కొంత కోసెయ్యాలి. కోశాక ఆ భాగం దేనికి పనికొస్తుంది? పోనీ కోశారే అనుకుందాం. మామూలు గ్రేడు రాడ్డులో ఆక్సిజన్ 0.20 దాకా ఉండొచ్చన్నారే గానీ ఉండి తీరాలనలేదు. అది 0.12 ఉన్నా మామూలు గ్రేడు కింద చెల్లుతుంది. 0.12 వచ్చినంత మాత్రాన అది ఈఎల్ఐ రాడ్డులోదే అని ఎవరు సంతకం పెడతారు?

ఆ వాదన విన్నాను, ఒప్పుకోలేదు. చాలా రోజులు మనసులో ఒకటే మంట. ఇంత చిన్న తేడాకు ఇంత పని నేలపాలు చేశారనీ, చిన్నవాళ్ల మీదే ఈ నియమాలనీ దొరికినవాళ్లకల్లా చెప్పుకున్నాను.

నా కళ్లు తెరిపించింది మా ఆవిడకు వరసకు చిన్నాన్న అయ్యే ఒకాయన. ఆయన మెల్టింగ్ పనిలోనే చేసి రిటైరయ్యాడు. నా గోడంతా విని, తీర్పేమీ చెప్పకుండా, ఒక రాడ్డు ఎలా పుడుతుందో మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. సముద్రపు ఒడ్డున నల్ల ఇసుక ఉంటుంది చూశావా, మన శ్రీకాకుళం తీరంలో ఉంటుంది, కేరళలో చవర దగ్గర ఉంటుంది, అక్కడ మొదలుపెట్టాడు. ఆ ఇసుకలోని ఖనిజాన్ని క్లోరిన్‌తో ద్రవంగా మార్చి, మెగ్నీషియంతో ఆ క్లోరిన్‌ను ఊడదీస్తే బొరియలు బొరియలుగా టైటానియం స్పాంజి మిగులుతుంది. ఇస్రో డబ్బుతో, డీఎంఆర్‌ఎల్ పరిజ్ఞానంతో చవరలో ఏడాదికి 500 టన్నుల ప్లాంటు పెట్టేదాకా మనం ఈ స్పాంజిని బయటి నుంచి తెచ్చుకునేవాళ్లం.

ఆ స్పాంజినీ, అల్యూమినియం వెనేడియం కలిపిన గుళికలనూ ప్రెస్సులో అదిమి దిమ్మలు చేస్తారు. దిమ్మలన్నీ వెల్డింగుతో కలిపి పొడుగాటి ఎలక్ట్రోడు చేస్తారు. దాన్ని శూన్యంలో వేలాడదీసి ఆర్క్ వెలిగిస్తే చివర నుంచి బొట్లు బొట్లుగా కరిగి కింద రాగి మూసలో పడుతుంది. ఇక్కడ నేను ఆపి అడిగాను, రాగి 1,085 డిగ్రీలకే కరుగుతుంది కదా, టైటానియం 1,660 పైన కదా అని. ఆయన ముఖం వెలిగిపోయింది. మూస వెనకాల నీళ్లు ఆగకుండా పారుతుంటాయి, గోడ తాకగానే లోహం గడ్డకడుతుంది, అది రాగిని అంటదు, దాన్నుంచి మలినం తీసుకోదు అన్నాడు. మరి ఆ నీళ్లు లోపలికి వస్తే? పేలుతుంది అన్నాడు. అందుకే కరిగేటప్పుడు ఆ దగ్గర ఎవరూ నిలబడరు, దూరం నుంచే నడిపిస్తారు. ఒకసారి కరిగించి వదలరు. వచ్చిన దిమ్మను తలకిందులు చేసి మళ్లీ ఎలక్ట్రోడుగా కట్టి మళ్లీ కరిగిస్తారు, కీలకమైన పనులకైతే మూడోసారి కూడా. అప్పుడు ఫోర్జింగ్, పైపెంకు తియ్యడం, పైచివరా కిందిచివరా నమూనాలు, పరీక్షలు. ఇదంతా అయ్యాక ఎవరో ఒకతను పంచ్ తీసుకుని ఆ నంబరు కొడతాడు.

“వాళ్లంతా చేసిందంతా ఆ అంకెల్లోనే ఉంది నాయనా. నువ్వది తుక్కులో పడేశావు” అన్నాడు. గొంతు పెంచలేదు. అప్పుడు నాకు నిజంగా బాధేసింది, డబ్బు పోయినప్పటి బాధ వేరు.

ఆక్సిజన్ సంగతి కూడా ఆయనే తిప్పి చెప్పాడు. ఆక్సిజన్ ఎక్కువైతే టైటానియం బలహీనపడుతుందని నేను అనుకున్నాను. జరిగేది దానికి వ్యతిరేకం, బలం పెరుగుతుంది. ప్రమాణాల్లో మామూలు గ్రేడుకే ఎక్కువ బలం అడుగుతారు. అయితే చలి పెరిగేకొద్దీ ఆ బలం పెళుసుతనంగా మారుతుంది. ద్రవ హైడ్రోజన్ ఉండేది మైనస్ 253 డిగ్రీల దగ్గర. అంత చలిలో పనిచెయ్యాల్సిన గ్యాస్ సీసాకు మామూలు గ్రేడు పడితే, మామూలు వాతావరణంలో లాగుడు పరీక్ష పెట్టినప్పుడు అది ఇంకా బాగా నెగ్గుతుంది. మన చేతుల్లో బాగా నెగ్గినదే ఆకాశంలో పగలొచ్చు. మనుషుల తుంటిలో పెట్టే కీళ్లకూ ఈఎల్ఐనే వాడతారు. ఆ రాత్రి నేను ఫోనులో అన్నమాట “డయా ఒకటే కదా”.

ఇంకో సంగతి నేనే చదివి తెలుసుకున్నాను. 1989 జులై 19న అమెరికాలో డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న డీసీ-10 విమానం తోక ఇంజనులో టైటానియం ఫ్యాను డిస్కు గాల్లోనే పగిలింది. ముక్కలు హైడ్రాలిక్ గొట్టాలన్నిటినీ తెంచేశాయి. స్టీరింగ్ పనిచెయ్యని ఆ విమానాన్ని మిగిలిన రెండు ఇంజన్ల వేగం పెంచి తగ్గించి పైలట్లు సూ సిటీ దాకా తీసుకొచ్చారు. 296 మందిలో 112 మంది చనిపోయారు. డిస్కు ముక్కలు కొన్ని నెలల తరవాత మొక్కజొన్న చేలో దొరికాయి. మూలకారణం, ఏళ్ల కిందట ఆ లోహం కరిగినప్పుడు లోపల చిక్కుకున్న, నైట్రజన్ ఎక్కువైన గట్టి మచ్చ. దాని చుట్టూ మొదలైన పగులు విమానం లేచిన ప్రతిసారీ కాస్త కాస్తగా పెరుగుతూ వచ్చింది, తనిఖీల్లో దొరకలేదు.

ఇదంతా చదువుతూ ఒకచోట ఆగిపోయాను. ఆ డిస్కు ఏ దిమ్మ నుంచి వచ్చిందో, అదే దిమ్మ నుంచి వచ్చిన మిగతా డిస్కులు ఏ విమానాల్లో తిరుగుతున్నాయో దర్యాప్తు చేసినవాళ్లు వెతకబోతే పాత రికార్డుల్లో ఒకే సీరియల్ నంబరుతో రెండు డిస్కులు కనబడ్డాయి. ఎంతో పేరున్న చోట, ఎన్నో ఏళ్ల కిందట, ఎవరో ఒక అంకె సరిగ్గా రాసుకోలేదు. ఆ అంకె అవసరం పడిన రోజున అవతల ఎగురుతున్న విమానాలున్నాయి. ఇన్‌స్పెక్టరు నన్ను అడిగింది ఇదే. ఈ భాగం రేపు ఎక్కడైనా విఫలమైతే దాని తోబుట్టువులు ఎక్కడున్నాయో నువ్వు చెప్పగలవా? నేను సుత్తితో కొట్టిన నంబర్లు ఆ రోజున వెతికేవాళ్లను తప్పుదారి పట్టించేవి. ఖాళీగా వదిలేస్తే కనీసం ఏమీ తెలియదని తెలిసేది.

మా షెడ్డులో ఇప్పుడు నంబరు లేని చివర నుంచే కోత మొదలవుతుంది. నంబరున్న చివర ఆఖరి ముక్కతో మిగులుతుంది, అదే స్టోరులోకి తిరిగి వెళ్తుంది. కోయకముందే రాడ్డు పొడుగునా ప్రతి ముక్క వచ్చే చోటా నంబరు వేస్తాం, అవతలి వాళ్ల ఇన్‌స్పెక్టరు పక్కన తన గుర్తు వేశాకే రంపం ఆన్ అవుతుంది. పంచ్ గట్టిగా దిగితే అక్కడే పగులు పుట్టొచ్చు కాబట్టి, తరవాత తురిమేసే ముఖం మీదే కొడతాం. ఆ ముఖం తురిమే ముందు నంబరు ట్యాగ్ మీదకు, ట్యాగ్ నుంచి పూర్తయిన భాగం మీద డ్రాయింగ్ చూపిన చోటుకు వెళ్తుంది. రెండు గ్రేడులు ఒకే షిఫ్టులో సా మీదకు రావు. చిప్స్ కూడా విడివిడిగానే పోగేస్తాం, తూకం వేస్తాం. రాడ్డు బరువు ఇటు, భాగాలూ చిప్సూ చివరలూ అటు. లెక్క కలవకపోతే కలిసేదాకా ఎవరం ఇంటికి వెళ్లం. టైటానియం చిప్స్ అంటుకుంటే నీళ్లు పొయ్యకూడదు కాబట్టి ఆ డబ్బాల పక్కన పొడి ఇసుక ఉంటుంది.

ఆ కుర్రాడు మాతోనే ఉన్నాడు. అతనికి క్షమాపణ చెప్పడానికి నాకు కావలసినదానికంటే ఎక్కువ కాలమే పట్టింది. చెప్పాను. స్టోరు తాళాలు ఇప్పుడు అతని దగ్గరే. అర్ధరాత్రి ఫోను చేసి అడిగినా, నంబరు చదివి వినిపించకుండా రాడ్డు బయటికివ్వడు, నాక్కూడా.

ఈ గుర్తుల పనికి టైము పడుతుంది. ఆ టైమును కొటేషన్‌లో విడిగా ఒక వరుసగా రాస్తాను, దేనికెంతో తెలియాలి కాబట్టి. కొంతమంది ఆ వరుస మీద వేలు పెట్టి, ఇది తీసేస్తే ఆర్డరు మీకే అంటారు. పక్క షెడ్డులో ఆ వరుస లేకుండా తక్కువకు చేస్తామంటున్నారని కూడా చెబుతారు. నేను డ్రాయింగ్ మడిచి వాళ్ల చేతికి తిరిగి ఇచ్చేస్తాను.